రోడ్డు ప్రమాదంలో మనిషి మంచాన పడితే: నష్టపరిహారం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

వెన్నుపూస దెబ్బతిని కాళ్లు చచ్చుబడినవాళ్లు, తలకు దెబ్బ తగిలి మనుషుల్ని పోల్చుకోలేనివాళ్లు, కాలో చెయ్యో తీసేయాల్సి వచ్చినవాళ్లు ఉంటారు. వాళ్ల ఇంట్లోవాళ్ల కోసం రాసింది ఇది. చేయి విరిగి మూడు నెలల్లో పనిలోకి వెళ్లినవారి కేసుకీ వీళ్ల కేసుకీ చట్టం ఒకటే. లెక్క మాత్రం పూర్తిగా వేరు. ఆస్పత్రి బిల్లు చూసి గుండె ఆగినంత పనవుతుంది కానీ, ఇలాంటి కేసులో బిల్లు చిన్న భాగం. పెద్ద భాగం మిగతా జీవితానిది. దాన్ని రుజువు చేసుకునే దగ్గరే కుటుంబాలు ఎక్కువగా నష్టపోతున్నాయి.

ఇంకా ఐసీయూ బయటే కూర్చున్నాం. ఇప్పుడే కేసు గురించి ఆలోచించాలా?

కోర్టు గురించి ఇప్పుడే అక్కర్లేదు. కాగితాల గురించి మాత్రం ఆలోచించాలి.

ఆస్పత్రిలో చేర్చేటప్పుడే రోడ్డు ప్రమాదమని చెప్పి ఎం.ఎల్.సి. (మెడికో లీగల్ కేసు, అంటే పోలీసు కేసుగా ఆస్పత్రి రాసుకునే రికార్డు) నమోదు చేయించండి. "జారి పడ్డాడు" అని కేస్ షీట్‌లో ఒక్క ముక్క పడితే, ఇన్సూరెన్స్ వాళ్ల వకీలు ఏళ్ల తర్వాత కూడా దాన్నే పట్టుకుంటాడు. గాయపడిన మనిషి మాట్లాడలేకపోతే అన్నో, భార్యో, చూసినవాళ్లో పోలీసులకు ఫిర్యాదు ఇవ్వొచ్చు. ఆస్పత్రి హడావిడిలో ఫిర్యాదు రెండు మూడు రోజులు ఆలస్యమైనంత మాత్రాన కేసు పోదు. ఆలస్యం ఎందుకైందో ఫిర్యాదులోనే ఒక వాక్యం రాయండి.

ఢీకొన్న బండి నంబరు, ప్రమాద స్థలం ఫోటోలు దొరికినంత వరకు తీసి పెట్టుకోండి. దారిలో షాపుల సీసీ కెమెరాల రికార్డు కొన్నాళ్లకే చెరిగిపోతుంది కాబట్టి దాన్ని సేకరించమని పోలీసులను వెంటనే అడగండి. నంబరు ఉంటే ఎం పరివాహన్ యాప్‌లో ఇన్సూరెన్స్ ఉందో లేదో తెలుస్తుంది.

ఇంకొకటి. బండి ఓనరు తరఫున ఎవరో ఒక పెద్దమనిషి వచ్చి "ఖర్చులు మేం చూసుకుంటాం, కేసు వద్దు" అంటారు. మొదటి వారం ఖర్చు నిజంగానే చూసుకుంటారేమో. పదేళ్ల ఖర్చు ఎవరూ చూసుకోరు. తెల్ల కాగితం మీద సంతకం పెట్టొద్దు.

మొదటి రోజుల వైద్యానికి ప్రభుత్వ సాయం ఏమైనా ఉందా?

ఉంది. 2025 మే నుంచి కేంద్రం అమలు చేస్తున్న క్యాష్‌లెస్ పథకం కింద, గుర్తించిన ఆస్పత్రుల్లో ప్రమాదం జరిగిన నాటి నుంచి ఏడు రోజుల వరకు, ఒక్కొక్కరికి గరిష్ఠంగా 1.5 లక్షల రూపాయల చికిత్స అందుతుంది. వెన్నుపూస ఆపరేషన్ పడితే ఇది చాలదు. అయినా వదులుకోవద్దు, చేర్చేటప్పుడే అడగండి.

కేసు ఎక్కడ వేయాలి?

మోటారు వాహనాల చట్టం, 1988లోని 166వ సెక్షన్ కింద మోటారు ప్రమాదాల క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌లో వేయాలి. ట్రిబ్యునల్ అంటే ఎక్కడో వేరే ఆఫీసు అనుకోకండి. మన జిల్లా కోర్టులే ఆ పని చూస్తాయి. మన దగ్గర ఈ కేసులకు ఎం.వి.ఓ.పి. (మోటార్ వెహికిల్స్ ఒరిజినల్ పిటిషన్) అనే నంబరు పడుతుంది.

ప్రమాదం జరిగిన చోటే వేయాలన్న రూలు లేదు. మీరు ఉండే చోట గానీ, ప్రతివాది ఉండే చోట గానీ వేయొచ్చు. శ్రీకాకుళం నుంచి హైదరాబాద్ పనికొచ్చి అక్కడ దెబ్బలు తగిలిన మనిషిని ఊరికి తీసుకెళ్లిపోతే, కేసు శ్రీకాకుళంలోనే నడుపుకోవచ్చు. మంచం మీద ఉన్న మనిషిని వాయిదాలకు అంత దూరం తిప్పడం ఎవరి వల్లా కాదు.

ఎన్ని రోజుల్లోపు వేయాలి?

2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు. అంతకుముందు గడువే లేదు, అందుకే "ఎప్పుడైనా వేయొచ్చు" అని ఇప్పటికీ చెప్పేవాళ్లు కనిపిస్తారు. వాళ్ల మాట వినొద్దు.

ఈ గడువు చెల్లుతుందా అన్న వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. ఆరు నెలలు దాటాయన్న ఒక్క కారణంతో పిటిషన్లు కొట్టేయొద్దని 2025 నవంబరులో కోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. గడువు దాటిపోయినవాళ్లకు అదొక ఆశ. దాటనివాళ్లు దాని మీద ఆధారపడకండి, లోపే వేసేయండి. చికిత్స పూర్తయ్యే దాకా ఆగాల్సిన పని లేదు. వైకల్యం సర్టిఫికెట్, తర్వాతి బిల్లులు కేసు నడుస్తుండగా దాఖలు చేసుకోవచ్చు.

పోలీసులకూ గడువులు ఉన్నాయి. 48 గంటల్లో ప్రాథమిక ప్రమాద నివేదిక, 90 రోజుల్లో సమగ్ర నివేదిక ట్రిబ్యునల్‌కు పంపాలి. ఆ సమగ్ర నివేదికనే క్లెయిమ్ దరఖాస్తుగా తీసుకోవచ్చని చట్టం అంటోంది. స్టేషన్‌కు వెళ్లి అది పంపారో లేదో కనుక్కోండి. వాళ్లే పంపుతారని చేతులు కట్టుకుని కూర్చుంటే మాత్రం కష్టం.

మనిషి స్పృహలో లేడు. వకాల్తా (వకీలుకు కేసు అప్పగించే కాగితం) మీద ఎవరు సంతకం పెట్టాలి?

కోర్టు అనుమతితో కుటుంబంలో ఒకరు "నెక్స్ట్ ఫ్రెండ్"గా ఆయన తరఫున కేసు వేయొచ్చు. తలకు దెబ్బ తగిలి మాటా ఆలోచనా సరిగా లేనివాళ్లకూ, పిల్లలకూ ఇదే పద్ధతి. స్పృహలో లేని మనిషి చేత వేలిముద్ర వేయించి పని కానిచ్చేయకండి. అవతలి వకీలు క్రాస్ ఎగ్జామినేషన్‌లో అడిగే మొదటి ప్రశ్న అదే అవుతుంది.

ఎంత వస్తుంది?

అందరూ అడిగేది ఇదే. "ఇలాంటి కేసుకు ఇంత" అన్న రేటు లేదు, కానీ లెక్క కట్టే పద్ధతి ఉంది. అది తెలిస్తే మీ వకీలు సరిగ్గా అడిగారో లేదో మీరే చూసుకోవచ్చు.

ఒక ఊహా ఉదాహరణ. టైల్స్ పని చేసే 32 ఏళ్ల మేస్త్రీ, నెలకు 18,000 సంపాదన. లారీ గుద్దడంతో వెన్నుపూస దెబ్బతిని నడుము కింద స్పర్శ పోయింది. ఇక ఆ పని చేయలేడు.

ముందు ఆదాయం. సొంతంగా పని చేసుకునేవాళ్లకు 40 ఏళ్లలోపు అయితే, ముందుముందు పెరగబోయే సంపాదన కింద 40 శాతం కలపాలని 2017లో ప్రణయ్ సేఠీ తీర్పులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. పర్మనెంట్ ఉద్యోగికైతే అదే వయసులో 50 శాతం. 18,000కు 40 శాతం కలిపితే 25,200. ఏడాదికి 3,02,400.

దాన్ని వయసును బట్టి ఒక అంకెతో గుణిస్తారు. కోర్టు భాషలో మల్టిప్లయర్. 2009 నాటి సరళా వర్మ తీర్పులో ఆ పట్టిక ఉంది: 15 నుంచి 25 ఏళ్లకు 18, 26-30కి 17, 31-35కి 16, 36-40కి 15. అక్కడి నుంచి తగ్గుతూ 61-65కి 7 అవుతుంది. మన మేస్త్రీకి 16. అంటే 48,38,400 రూపాయలు. ఇది కేవలం పోయిన సంపాదన. చనిపోయినవారి కేసుల్లో సొంత ఖర్చుల కింద మూడో వంతో నాలుగో వంతో తగ్గిస్తారు. బతికున్న మనిషి తింటాడు, మందులు వేసుకుంటాడు కాబట్టి ఇక్కడ ఆ తగ్గింపు ఉండదు. అయినా అలవాటుగా తగ్గించేసిన సందర్భాలు ఉన్నాయి. చూసుకోండి.

దీని మీద అయిన వైద్యం ఖర్చు, ఇకముందు అయ్యే ఖర్చు, మనిషి సాయం ఖర్చు, అంబులెన్స్, ప్రత్యేక ఆహారం, పడ్డ బాధ, కోల్పోయిన సుఖసంతోషాలు, పెళ్లి కానివారైతే పెళ్లి అవకాశాలు, ఆయుష్షు తగ్గితే దానికీ వేర్వేరు పద్దుల కింద అడగాలి. అడిగిన దానికంటే ఎక్కువ ఇచ్చే అధికారం ట్రిబ్యునల్‌కు ఉంది. కాకపోతే రుజువు లేని పద్దుకు ఎవరూ ఇవ్వరు.

సర్టిఫికెట్‌లో 60 శాతం వైకల్యం అని రాశారు. అంటే 60 శాతం డబ్బే ఇస్తారా?

కాదు, కాకూడదు. ఎక్కువ డబ్బు పోయేది ఈ ఒక్క అపోహ దగ్గరే.

డాక్టరు రాసేది శరీరం ఎంత దెబ్బతిందన్నది. కోర్టు తేల్చాల్సింది సంపాదించే శక్తి ఎంత పోయిందన్నది. ఈ తేడాను సుప్రీంకోర్టు 2010లో రాజ్‌కుమార్ కేసులో విడమరిచి చెప్పింది. ఎడమ చేయి పోయిన డ్రైవరుకో, వడ్రంగికో సంపాదన దాదాపు మొత్తం పోయినట్టే. అదే చేయి పోయిన గుమాస్తా ఉద్యోగం నిలబడితే, ఆయనకు నష్టం చాలా తక్కువ. సర్టిఫికెట్‌లో శాతం ఇద్దరికీ ఒకటే.

కాబట్టి మీరు ఏ పని చేసేవారు, ఆ పనికి ఏ అవయవం కావాలి, ఇప్పుడు వేరే ఏ పనైనా చేయగలరా అన్నది సాక్ష్యంలో రావాలి. సదరం సర్టిఫికెట్ (ప్రభుత్వం ఇచ్చే వైకల్య ధ్రువపత్రం) తప్పకుండా తీసుకోండి. అది పెట్టేసి ఊరుకుంటే సరిపోదు. వైద్యం చేసిన డాక్టరు గానీ, మెడికల్ బోర్డు డాక్టరు గానీ కోర్టుకొచ్చి "ఈయన ఇక తాపీ పట్టలేడు" అని చెబితే వచ్చే బలం కాగితంతో రాదు. డాక్టర్లు రావడానికి ఇష్టపడరు, నిజమే. సమన్లు పంపమని, లేదంటే కోర్టు తరఫున ఒక కమిషనర్‌ను పెట్టి ఆస్పత్రిలోనే సాక్ష్యం నమోదు చేయించమని పిటిషన్ వేయొచ్చు. ఈ ఒక్క పనికి బద్ధకించే వకీలును మార్చడమే మంచిదని నా అభిప్రాయం.

ఇంట్లో నేనే చూసుకుంటున్నాను. మనిషి సాయం ఖర్చు అడగొచ్చా?

తప్పకుండా అడగాలి. భార్యో తల్లో చేస్తోంది కదా, జీతం ఇవ్వట్లేదు కదా అన్న వాదన చెల్లదు. రెండు గంటలకోసారి ఒత్తిగిల్లించడం, కాథెటర్ చూడడం, డైపర్లు మార్చడం, పడక పుండ్లు రాకుండా కాపాడడం, ఇదంతా పనే. ఆ పని కోసం మీరు మానుకున్న కూలి పనో, కుట్టు పనో కూడా సాక్ష్యంలో చెప్పండి.

2020లో సుప్రీంకోర్టు ముందుకు 12 ఏళ్ల వయసులో ప్రమాదానికి గురై, బతికినంత కాలం మంచానికే పరిమితమైన ఒక బాలిక కేసు వచ్చింది. ఒకరు చాలరు, ఇద్దరు మనుషులు కావాలని కోర్టు అంది. ఒక్కొక్కరికి నెలకు 5,000 చొప్పున వేసి, ఏడాది మొత్తాన్ని 18తో గుణించి, ఆ ఒక్క పద్దు కిందే 21,60,000 ఇచ్చింది. మొత్తం పరిహారం 62 లక్షలు దాటింది. మన మేస్త్రీకి నెలకు 12,000 అనుకుంటే 16 మల్టిప్లయర్‌తో ఇది 23,04,000 అవుతుంది. చాలా పిటిషన్లలో ఈ పద్దు కింద "అటెండెంట్ ఖర్చులు: 50,000" అని రాసేసి వదిలేస్తారు. తేడా మీకే కనిపిస్తోంది.

ఇకముందు వైద్యానికీ అంతే. ఫిజియోథెరపీ, మందులు, వీల్‌చైర్, కృత్రిమ కాలు ఏటా ఎంతవుతాయో డాక్టరు చేత రాయించి పెట్టండి. కృత్రిమ కాలు ఒకసారి కొంటే జీవితాంతం పనిచేయదు. కొన్నేళ్లకోసారి మార్చాలి, మధ్యలో రిపేర్లు ఉంటాయి. ఒక్క కాలు ఖరీదే అడిగితే ఒక్క కాలుకే ఇస్తారు.

జీతం స్లిప్పులు లేవు. ఆదాయం ఎలా రుజువు చేయాలి?

మన దగ్గర ఎక్కువ మంది పరిస్థితి ఇదే. మేస్త్రీ, ఆటో డ్రైవరు, కౌలు రైతు స్లిప్పులు ఎక్కడ తెస్తారు? బ్యాంకు ఖాతాలో, ఫోన్‌పేలో వచ్చిన డబ్బులు, పని ఇచ్చిన కాంట్రాక్టరు సాక్ష్యం, లేబర్ కార్డు, కౌలు కాగితం, బండి ఈఎంఐ కట్టిన రికార్డు, ఏదైనా పనికొస్తుంది. ఏమీ లేకపోతే కోర్టులు కనీస వేతనాలను ప్రాతిపదికగా తీసుకుంటాయి. ఇంటి పని చేసే గృహిణికి ఆదాయం లేదనడానికి వీల్లేదు. ఆమె పనికి విలువ కట్టాల్సిందే.

హెల్మెట్ లేదు. బండి మీద ముగ్గురున్నారు. మా కేసు పోయినట్టేనా?

పోదు. మీ తప్పు ప్రమాదానికి కారణమైతేనే ఆ మేరకు తగ్గిస్తారు. ముగ్గురు ఎక్కారన్నంత మాత్రాన తప్పులో భాగం అంటగట్టకూడదని, అందువల్లే ప్రమాదం జరిగిందనో, దెబ్బలు పెరిగాయనో చూపించాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. హెల్మెట్ లేక తలకే దెబ్బ తగిలితే కొంత కోత పడే అవకాశం ఉంది, మనసు దిటవు చేసుకోండి. లైసెన్స్ లేకపోవడం విడిగా చలానా పడే తప్పే కానీ, దానితోనే ప్రమాదం మీ వల్ల జరిగిందని తేలదు.

రెండు బండ్లు గుద్దుకుని మధ్యలో మీరు, అంటే వెనక కూర్చున్నవారో బస్సులో ప్రయాణికులో దెబ్బ తింటే, ఎవరి తప్పు ఎంతన్నది మీ తలనొప్పి కాదు. ఇద్దరిలో ఎవరి దగ్గరైనా మొత్తం రాబట్టుకోవచ్చు. డ్రైవరు మీద క్రిమినల్ కేసు కొట్టేసినా ట్రిబ్యునల్ కేసు ఆగదు.

ఇన్సూరెన్స్ కంపెనీ "మాకు సంబంధం లేదు" అంటోంది.

ఎందుకు అంటోందో చూడాలి. డ్రైవరుకు లైసెన్స్ లేదనో, అది నకిలీదనో అయితే, ముందు మీకు కట్టి తర్వాత ఓనరు దగ్గర వసూలు చేసుకోమని కోర్టులు ఆదేశిస్తుంటాయి. కారు లైసెన్స్‌తో చిన్న ట్రాన్స్‌పోర్టు బండి నడిపాడన్న వాదనైతే, 7,500 కిలోల లోపు బండికి ఆ లైసెన్స్ చాలని 2024 నవంబరులో రాజ్యాంగ ధర్మాసనం తేల్చేసింది.

నిజంగా ఇబ్బంది పెట్టేవి రెండు. మిమ్మల్ని ఎక్కించుకున్న బండికి ఉన్నది ఉత్త థర్డ్ పార్టీ పాలసీ (బయటివాళ్లకు జరిగే నష్టానికే వర్తించేది) అయితే, ఆ బైకు వెనక కూర్చున్నవారికీ, ఆ సొంత కారులో ఉన్నవారికీ అది వర్తించకపోవచ్చు. ప్యాకేజీ (కాంప్రహెన్సివ్) పాలసీ అయితే వర్తిస్తుంది. రెండోది మన ఊళ్లలో రోజూ కనిపించేదే: మిరప కోతలకో నాట్లకో ట్రాక్టర్ ట్రాలీలో కూలీలను ఎక్కించుకెళ్లడం, పెళ్లికి డీసీఎంలో వెళ్లడం. సరుకుల బండిలో ఎక్కిన ప్రయాణికులకు ఇన్సూరెన్స్ బాధ్యత లేదని సుప్రీంకోర్టు 2003 నాటికే చెప్పేసింది. అప్పుడు ఓనరు మీదే పడాలి. వేరే బండి వచ్చి గుద్దితే ఆ బండి ఇన్సూరెన్స్ మీద మీ హక్కు చెక్కుచెదరదు.

ఆర్టీసీ బస్సు అయితే ప్రతివాది సంస్థే. బాధితుల వైపు పద్ధతి మారదు.

గుద్దిన బండి దొరకలేదు.

హిట్ అండ్ రన్ పథకం కింద తీవ్ర గాయానికి 50,000, మరణానికి 2 లక్షలు. దరఖాస్తు తహసీల్దారు లేదా ఆర్డీఓ దగ్గర. మంచాన పడ్డ మనిషికి 50,000 ఏ మూలకని అడిగితే నా దగ్గర జవాబు లేదు. అందుకే బండి నంబరు కోసం మొదటి వారంలో అంతగా వెంటపడమంటున్నాను.

నా బైకు నేనే డివైడర్‌కు గుద్దుకున్నాను.

166 కింద రాదు. కానీ మీ పాలసీలో ఓనర్ డ్రైవర్ వ్యక్తిగత ప్రమాద బీమా ఉందేమో చూడండి. 15 లక్షల దాకా ఉంటుంది. రెండు అవయవాలు పోయినా, శాశ్వత పూర్తి వైకల్యం వచ్చినా మొత్తం ఇస్తారు. బండి మీ పేరున ఉండాలి, లైసెన్స్ ఉండాలి. లారీ డ్రైవరో క్లీనరో డ్యూటీలో దెబ్బతింటే సామాజిక భద్రతా కోడ్, 2020 కింద (2025 నవంబరు దాకా 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం కింద) యజమాని నుంచి అడగొచ్చు. యజమాని నుంచి ఇలా అడగడం గానీ, 166 కింద ట్రిబ్యునల్‌కు వెళ్లడం గానీ, ఒక దారే ఎంచుకోవాలి.

"తప్పు ఎవరిదైనా 2.5 లక్షలు వెంటనే ఇస్తాం, తీసుకోండి" అంటున్నారు. తీసుకోవచ్చా?

ఆగండి. అది 164వ సెక్షన్. తప్పు రుజువు చేయక్కర్లేకుండా తీవ్ర గాయానికి 2.5 లక్షలు, మరణానికి 5 లక్షలు ఇచ్చే సెక్షన్ అది. 149వ సెక్షన్ పద్ధతిలో (అంటే ఇన్సూరెన్స్ కంపెనీతో రాజీగా) ఆ డబ్బు ఒప్పుకుంటే మీ 166 పిటిషన్ రద్దయిపోతుంది. పైన మన మేస్త్రీ లెక్క చూశారు కదా, పోయిన సంపాదన, మనిషి సాయం కలిపితేనే 70 లక్షలు దాటిన కేసును 2.5 లక్షలకు వదులుకున్నట్టు. తప్పు రుజువు చేసే అవకాశం అసలు లేని కేసుల్లోనే దాని గురించి ఆలోచించాలి.

ఇన్సూరెన్స్ కంపెనీ అధికారి రాజీకి వేరే ఆఫర్ కూడా ఇవ్వొచ్చు. నచ్చకపోతే వద్దనండి, కేసు మామూలుగా విచారణకు వెళ్తుంది.

లోక్ అదాలత్‌లో రాజీ పడమంటున్నారు.

డబ్బు త్వరగా వస్తుంది, అది నిజమైన లాభం. కాకపోతే అక్కడి అవార్డు మీద అప్పీలు లేదు. కాలు విరిగిన కేసులకు నేను వెళ్లమనే అంటాను. జీవితాంతం మంచం మీద ఉండే కేసులో మాత్రం డాక్టరు సాక్ష్యం, ఇకముందు ఖర్చుల అంచనా చేతికి రాకముందే కూర్చోవద్దు. మీ లెక్క మీ దగ్గర లేకపోతే అవతలివాళ్లు చెప్పిందే పెద్ద మొత్తంగా కనిపిస్తుంది.

వకీలు వచ్చినదాంట్లో ముప్పై శాతం అడుగుతున్నారు. పద్ధతేనా?

కాదు. వచ్చే డబ్బులో వాటా మాట్లాడుకోకూడదని బార్ కౌన్సిల్ నిబంధన. ఆచరణలో ఎలా ఉందో అందరికీ తెలుసు. ఆస్పత్రి గేటు దగ్గర వకాల్తా ఫారంతో నిలబడే మధ్యవర్తులకు దూరంగా ఉండండి. ఫీజు ఎంతో ముందే కాగితం మీద రాయించుకోండి.

డబ్బు లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. వైకల్యం ఉన్నవారికి, మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఈ హక్కు ఉంది. 15100కు ఫోన్ చేయండి.

తీర్పు వచ్చాక డబ్బు చేతికి ఎలా వస్తుంది?

డబ్బు కట్టాల్సినవాళ్లు 30 రోజుల్లో జమ చేయాలి. పిటిషన్ వేసిన నాటి నుంచి వడ్డీ కలుస్తుంది. మొత్తం ఒకేసారి ఇవ్వకుండా కొంత ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో పెట్టించడం కోర్టుల అలవాటు. చాలామంది దీనికి చిరాకు పడతారు కానీ, చుట్టాల అప్పులకూ కొత్త వ్యాపారాలకూ కరిగిపోకుండా కాపాడేది అదే. వైద్యానికి అవసరమైతే కారణం చూపించి మధ్యలో తీసుకోవడానికి పిటిషన్ పెట్టుకోవచ్చు. డబ్బు నేరుగా ఖాతాలో పడుతుంది కాబట్టి, ఖాతా గాయపడినవారి పేరునే తెరవండి.

తక్కువ ఇచ్చారు. ఏం చేయాలి?

90 రోజుల్లోపు హైకోర్టులో అప్పీలు. వివాదంలో ఉన్న మొత్తం లక్షలోపు అయితే అప్పీలు లేదు. తీర్పు కాపీలో ఒక్కో పద్దు పక్కన వచ్చిన అంకె చూడండి. భవిష్యత్ ఆదాయం కలిపారా, మల్టిప్లయర్ సరైనదేనా, మనిషి సాయానికి విడిగా ఇచ్చారా, ఈ మూడే ఎక్కువగా తప్పుతాయి.

కేసు నడుస్తుండగానే మనిషి పోతే?

కేసు పోదు. మరణానికీ ఆ గాయానికీ సంబంధం లేకపోయినా, పరిహారం అడిగే హక్కు వారసులకు వస్తుందని 166వ సెక్షన్‌లో 2019 సవరణ స్పష్టంగా చేర్చింది. వారసులు రికార్డు మీదకు రావడానికి పిటిషన్ వేయాలి. ఆ గాయం వల్లే చనిపోతే అది మరణం కేసుగా మారుతుంది, లెక్కా మారుతుంది. అందుకే పోస్టుమార్టం, ఆఖరి చికిత్స రికార్డులు తీసుకోకుండా మనిషిని ఇంటికి తేవద్దు.